రెండు గంటల లోటు

మార్చి ముప్పై ఒకటి, రాత్రి పన్నెండుకి
నా లైసెన్సు చచ్చిపోతుంది.
రాష్ట్రం వాళ్ళు ఉత్తరంలో "గడువు ముగియును" అన్నారు,
మర్యాదస్తులు.

వంటింటి బల్ల మీద మూడేళ్ళూ పరిచాను.
రశీదులు, కాఫీ మరక పడ్డ హాజరు కాగితాలు.
గుండెకి పన్నెండు గంటలు, ఊపిరికి ఎనిమిది,
కాన్పులకి రెండు.
పిల్లలకి నాలుగు ఉండాలి. రెండే ఉన్నాయి.
వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టాను,
లెక్కపెడితే పెరుగుతాయన్నట్టు.

కార్లిన్‌కి ఫోన్ చేశాను, ఆ క్లాసు చెప్పింది ఆవిడే.
"సగంలో లేచి వెళ్ళావు, వెర్నా.
వెళ్ళిన టైము నా పుస్తకంలో ఉంది.
లేనిదానివి ఉన్నావని సంతకం ఎలా పెట్టను?"
తప్పు ఆవిడది కాదు.
ఈత పాఠం మధ్యలో ఏట్లోకి దూకినవాళ్ళకి
హాజరు పడదు.

ఫిబ్రవరిలో ఓ శనివారం, ఫైర్ స్టేషన్ మేడ మీద
రబ్బరు పసివాణ్ణి బోర్లా పడుకోబెట్టి
"ఇదిగో, ఈ భుజాల ఎముకల మధ్య" అని
కార్లిన్ చూపిస్తుండగా
నా నడుం దగ్గర పేజరు అరిచింది.
రేనో అప్పటికే మెట్లు దిగుతున్నాడు
డెబ్బై ఏళ్ళ మోకాళ్ళతో, కమ్మీ పట్టుకుని,
పీతలా పక్కకి పక్కకి.

సుపీరియర్ సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతోంది.
ముందు దారి లేదు, తెలుపు ఉంది.
అంచున పాతిన ఎర్ర కర్రల్ని నమ్ముకుని పోయాం.
హెయిక్కినెన్ వాళ్ళ తలుపు బార్లా తీసి ఉంది.
పదకొండు నెలల పిల్ల.
పెదవులు నేరేడు రంగు.

ముంజేతి మీద బోర్లా, తల కిందికి.
వీపున ఐదు దెబ్బలు.
తిప్పి, రెండు వేళ్ళతో రొమ్ము మీద ఐదు నొక్కులు.
మళ్ళీ తిప్పి.
మూడో విడతకి ఊడిపడింది
సాసేజ్ ముక్క, నా బొటనవేలి గోరంత.
ఆ తర్వాత ఏడ్చింది చూడండి ఆ పిల్ల,
పైకప్పు లేచిపోయేలా.
రేనో కుర్చీలో కూలబడి
"ఏడవనీ, ఏడవనీ" అన్నాడు
వాళ్ళ కుక్కతో.

క్లాసులో ఆ రెండు గంటలూ నేను లేను. నిజమే.

ఇవాళ తొమ్మిదింటికి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.
రెండు గంటల పాఠం, ఇరవై రెండు డాలర్లు,
ముందుకి జరపనివ్వదు.
నవ్వుముఖం కుర్రాడొకడు
పసిపిల్లల్ని ఎలా పట్టుకోవాలో నాకు చెబుతున్నాడు.
వాడి చేతులు చాలా శుభ్రంగా ఉన్నాయి.

ఏడో ప్రశ్న: ఏడాదిలోపు బిడ్డకి
గొంతులో అడ్డుపడితే మొదట చేయవలసినది?
నాలుగు జవాబులు.
మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది.
ఎడమ ముంజేతి మీదికి ఆ బరువు వచ్చి వాలింది,
తడి డైపరుతో సహా.
కదలని పిల్ల
కదిలే పిల్లకన్నా బరువు.
అది ఆ నాలుగింటిలో లేదు.
"బి" నొక్కాను. సరైనదే.

దరఖాస్తులో ఇంకోటి అడిగారు:
ఈ పనికి అడ్డొచ్చే ఇబ్బందులు ఏమైనా,
శారీరకం గాని మానసికం గాని?
లేవు అని పెట్టాను.
నిద్ర సంగతి విడిగా అడగలేదు కదా.

రేనో ఈసారి కట్టడం లేదు.
నిన్న స్ట్రెచర్ చక్రాలకి నూనె వేస్తూ,
నా వైపు చూడకుండా చెప్పాడు.
"గంటలకేం, నా దగ్గర బోలెడు మిగిలాయి.
కావాలంటే రెండు పట్టుకుపో."
ఇద్దరం నవ్వాం, కాస్త ఎక్కువసేపే.
మంగళ, గురువారం రాత్రుల డ్యూటీలో
ఆయన పేరు మీద ఎవరూ ఇంకా గీత కొట్టలేదు.
నేనైతే కొట్టను.

పదకొండు నలభై. డబ్బు కట్టాను.
తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది.
ప్రింటర్లో సిరా అడుగంటింది,
కంగస్ అన్న ఇంటిపేరు సగం నుంచి లేతబడింది.
ఇంకో మూడేళ్ళు.

కార్డు కత్తిరిద్దామంటే కత్తెర కనబడలేదు.
ఉన్నది ఒక్కటి, మనుషుల బట్టలు కోసే పెద్దది,
కోటు జేబులో.
కోటు తలుపు దగ్గర,
దాని కింద బూట్లు నోళ్ళు తెరుచుకుని
వీధివైపు తిరిగి ఉన్నాయి.
దానితోనే కోశాను.
కాస్త వంకర వచ్చింది.