ఉతకని టవలు

మండీలో బెల్లం బస్తా దించతా
దగ్గినాడు దొరసామి.
టవలు మీద రూపాయి బిళ్లంత ఎరుపు.
"వక్కాకు" అన్నాడు.
వాడు ఆకు మానేసి రెండేండ్లు.

వేడి చేసిందని సబ్జాగింజలు నానబెట్టినాం.
కళ్లె పరీక్షలో టీబీ లేదన్నారు.
మళ్లా మూడు వారాలు చుక్క రాలా.
మేం మరిచిపోయినాం.
కన్నెమ్మ మాత్రం
ఆ టవలు ఉతకలా.

వీపు మధ్యన గొడ్డలి దిగినట్టుందని
వాడు పొర్లాడిన రాత్రి
దాన్ని సంచిలో కుక్కి
చిత్తూరు నించి తిరపతికి తీసకపోయింది.

స్కాను చూసినాక డాక్టరు
టవలు తిరగేసి అడిగినాడంట, "ఇదెప్పటిది?"
గుండెకాడి నించి దిగే పెద్ద నాళం
ఉబ్బి, ఊపిరితిత్తిని ఒరుసుకోనుందంట.
"మొదటి చుక్క చెప్పిపోతాదమ్మా.
రెండోది చెప్పదు."

ఆపరేషను గది ఎర్రలైటు
ఇంకా ఆరలేదని ఇప్పుడే ఫోను.
కాటా మీద బస్తా ఊగతానే ఉండాది.
బరువు రాయబుద్ధి కాలా నాకు.