పలకాకు

ఎర్రగుంట్ల నాపరాళ్ల గనిలో
రాయి పగిలినప్పుడు లేచే పెచ్చు
కత్తి కంటే సన్నం.
చెన్నక్క చూపుడువేలికి అది తగిలిన రోజు
నేను నోటుబుక్కు పట్టుకొని అక్కడే ఉన్నాను.
ఆమె అరవలేదు.
గని గట్టున, ఎవరూ నాటని చోట
పసుపు గుండీల్లాంటి పూలు పెట్టుకొని
రాళ్లసందుల్లో పాకుతున్న మొక్క
నాలుగాకులు తుంచి,
అరచేతిలో నలిపి, పసరు పిండి,
పాతగుడ్డ చుట్టుకొని
మళ్లీ సుత్తి అందుకుంది.

"ఇదేమాకు?" అన్నాను, తెలిసీ.
"గాయపాకు. మీ బళ్లో పలకాకు అంటిరి గదమ్మా."

నాకంటే ముందు నా ముక్కుకు తెలిసింది.
ఒకటో తరగతి. తడి పలక.
తలకట్టు తప్పినచోట ఆకుతో రుద్దితే
ముదురాకుపచ్చ నురగ, దానికింద నల్లటి నిగ్గు.
తప్పు ఎక్కడికి పోయిందో
ఎవరూ అడగలేదు.

కడపలో మా ల్యాబు మూడో అంతస్తు.
నీడన తొమ్మిది రోజులు ఆరితే
గోనెసంచెడు ఆకు గ్లాసెడు పొడి అయింది.
సగం నీళ్లలో, సగం మిథనాల్‌లో నానబెట్టాను.
అగరు పళ్లెం మీద చీముక్రిముల్ని
దూదిపుల్లతో అలికాను,
ముగ్గుకు ముందు వాకిలి అలికినంత ఒద్దికగా.
నాలుగు కాగితం బిళ్లలు పెట్టి
ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో పడుకోబెట్టాను.
రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
వాటికి చలేస్తుందేమోనని
పురిటిబిడ్డను కనిపెట్టుకున్నట్టు కూచున్నాను.

పొద్దున మూత తీస్తే
పళ్లెమంతా పాలమీగడలా క్రిములు.
నీళ్లబిళ్లను అంచుదాకా వచ్చి ముసిరాయి.
ఒట్టి మిథనాల్ బిళ్ల కూడా ఒట్టిదే.
మిథనాల్‌లో నానిన ఆకురసం చుట్టూ మాత్రం
ఒక ఖాళీ,
ఎవరో గుండ్రంగా తుడిచినట్టు.
స్కేలు పెట్టాను. పదకొండు మిల్లీమీటర్లు.
పక్కన మందులషాపు యాంటీబయాటిక్‌ది ఇరవైనాలుగు.
అదీ రాశాను.
దాచితే అవమానం ఆకుకు కాదు, నాకు.

ఇంకో గాజుగొట్టంలో ఊదారంగు నీళ్లు
ఆకు చుక్క పడగానే మెల్లగా వెలిసి
ఎండుగడ్డి రంగుకు దిగాయి.
ఒంటికి తుప్పు పట్టనియ్యని గుణం ఉందన్నమాట.
ఒంట్లో ఎంత నిలుస్తుందో మాత్రం
ఆ గొట్టానికి తెలియదు.

ఆదివారం గనికి పోయాను.
"ఏమంటాండాది పాపా మా ఆకు?"
"పదకొండు అంటోందక్కా."
"నూటికా?"
నవ్వు ఆగలేదు ఇద్దరికీ.
వేలు మానింది. మానినచోట సన్నటి తెల్లగీత.

తర్వాత తనే చెప్పింది, సుత్తి దించకుండా:
మొగుడు బాలగురవయ్య కాలి మీద బండ పడినప్పుడు
పదిరోజులు ఇదే ఆకు కట్టారట.
నల్లబడి, వాసనేసి,
కడప పెద్దాసుపత్రికి పోయేసరికి
రెండు వేళ్లు తియ్యక తప్పలేదట.
"గీరుకు ఆకు, కుళ్లుకు సూది.
యాడిదాకా ఆకు, యాడ్నించి సూది అనేది
మాకు జెప్పేటోళ్లు ల్యాకపాయిరి.
అది రాసుకో పాపా, నీ బుక్కులో."

నా పట్టికలో ఆకు కోసిన ఊరికి గడి ఉంది,
తారీఖుకు ఉంది, నేలరంగుకు ఉంది.
ఈ మాటకు లేదు.
అంచున పెన్సిలుతో రాసుకున్నాను.
సారు చెరిపెయ్యమన్నారు.
ఇంకా చెరపలేదు.

ఈ సాయంత్రం పళ్లాలన్నీ ఆవిరిలో ఉడికించాను.
క్రిములు పోయాయి.
ఆకు గీసిన సున్నా కూడా పోయింది.
కడిగి బోర్లించిన గాజు మీద
నీటిచుక్కలు జారుతున్నాయి.
వేళ్లు వాసన చూసుకున్నాను:
సబ్బు.
సబ్బు కింద, ఒకటో తరగతి.