రానీ, రానీ

ఎనుమాముల యార్డుల లారీ ఎనుకకు పోతాంటే
మొగిలి మామ డాలా మీద అరచేత్తో కొట్టేటోడు.
రానీ... రానీ... రానీ...
పత్తి బస్తాలు, దుమ్ము,
అద్దంల యాకూబుకు మామ కనపడడు.
చప్పుడే కన్ను.

ఒక జనవరి పొద్దున దగ్గు తెర అడ్డమొచ్చింది.
మూడడుగులంత నిశ్శబ్దం.
యాకూబు దాన్ని ఇంకా రమ్మన్నట్టే అనుకున్నడు.
గద్దె అంచుకూ డాలాకూ నడుమ
మామ రెండు వేళ్లు.

ఇప్పటికీ యాకూబు
రివర్సు గేరు వేసే ముందు కిందికి దిగి
చూసొచ్చి ఎక్కుతడు.

హన్మకొండల, ల్యాబుల, కిటికీ పక్క బెంచీ నాది.
బండికీ బండికీ నడుమ కబురు మోసే
సర్క్యూటు గీస్తాన.
సున్నాలూ ఒకట్లూ ఉన్నయి ఉన్నట్టు పంపితే
వరసగ పది సున్నాలంటే
వైరు పండుకున్నట్టే.
అవతలి బండికి లెక్క తప్పుతది.
తొమ్మిదా? పదకొండా?
అసలు నువ్వున్నవా?

అందుకే మాంచెస్టర్ కోడు
ప్రతి బిట్టు నడుమ ఒక్కసారి ఉలిక్కిపడతది,
కిందికో, మీదికో.
ఎఫ్ఎమ్ జీరో గడప గడపకూ తలకిందులైతది,
సున్నా అయితే నట్టింట్ల గూడ.
ఏదైనా సరే, ఊకుండదు.

మొదలు రెండు కోడ్లకు రెండు సర్క్యూట్లు గీసిన.
ఒకటి పని చేస్తాంటే
రెండోది ఉత్తగ కరెంటు తినుకుంట కూసున్నది.
సారంగపాణి సార్ కాగితం అటు తిప్పి ఇటు తిప్పి
"ఇంత జాగ ఎవలదమ్మా?" అన్నడు.
ఇంకో మాట లేదు.

ఫాతిమా నగర్ల మా రూముల మంచం ఒక్కటే.
ఎస్తేరు రాత్రి డ్యూటీ దిగి వచ్చేటాళ్లకు
నేను లేచి దుప్పటి మడత పెడత.
ఆమె దుప్పటి పరుచుకుంటది.
ఏడాది సంది గట్లనే ఎల్లదీస్తానం,
అది నాకు ల్యాబుల మాత్రం తట్టలే.

ఫ్లిప్‌ఫ్లాపు ఒక్కటే ఉంచిన.
ముంగట ఒక మక్సు,
ఇయ్యాల వంతు ఎవలదని అడిగేటందుకు.
దగ్గర దగ్గర సగం ట్రాన్సిస్టర్లు కొట్టేసిన.
సంబురపడి తెర మీద చూస్తే
గడియారం ముందొచ్చింది, బిట్టు ఎనుక పడ్డది.
ఆ సందుల
సన్నటి ముల్లు.
నానోసెకను గూడ లేదు.
దగ్గంత.

మూడు రాత్రులు పట్టింది ఆ సందు పూడ్చేటందుకు.
ఎస్తేరు మంచం మొత్తం తనదేనని నవ్వింది.

అలల కాగితం అచ్చు తీసి
మామకు చూపిన.
మిగిలిన మూడు వేళ్లతోని మెట్లు తడిమినట్టు
ఒక్కొక్క అంచూ తడిమిండు.
"గిది నేనొర్లినట్టే ఉన్నది గదనే.
మరి దగ్గొస్తే?"

చప్పుడు ఆగితే
బండి ఆగాలె మామా, అన్న.
"ఆగుతదా?"

అది నేను గీసిన దాంట్ల లేదు.
నాది ఒర్లుడు వరకే.
ఆగుడు
అవతలి బండిల ఉన్నది.
దాన్ని ఎవలు గీస్తాండ్రో నాకు ఎరుక లేదు.

మామ ఏమనలే.
కాగితం నాలుగు మడతలు పెట్టి
బీడీల జేబుల పెట్టుకున్నడు.