ఒడి దూరం

కరీంనగర్ నుంచి వచ్చిన డిజైన్ పిలగాడు
కోరుట్లల నా కండ్లద్దాల దుకాణాన్ని
మూడు వారాలు మూసిపెట్టించి
పాల నురుగు లెక్క తెల్లగ చేసిండు.
గోడ నిండ అద్దాలు, అద్దాల నిండ దీపాలు,
నిలవడితే నడుము కాడికొచ్చే గాజు బల్ల,
గిర్రున తిరిగే ఎత్తు కుర్సీలు నాలుగు.
"లోపల అడుగు పెట్టంగనే
పెద్దపట్నంల ఉన్నట్టు అనిపియ్యాలె సార్" అన్నడు.
అనిపిచ్చింది.
వచ్చినోళ్లు కూసోకుండనే ఎల్లిపోయిండ్రు.

బూదవ్వ వచ్చింది ఒక మంగళారం,
చెప్పులు మెట్ల కింద ఇడిచి,
కొంగు నిండ తంబాకు వాసనతోటి.
చూపుడువేలు మీద దారం కోసిన గీత.
కుర్సీ ఎక్కుమంటే
లారీ ఎక్కినట్టు ఎక్కింది.
కాళ్లు నేలకందక
రెండు చేతులతోటి అంచు పట్టుకున్నది.
అక్షరాలు చదువుమన్న.
"నాకు సదువు రాదు బిడ్డా"
దొరికిపోయిన దొంగ లెక్క చెప్పింది.
బొమ్మల అట్ట చేతికిచ్చిన.
పిట్ట అన్నది, తాళంచెవి అన్నది.
నంబరు తేలింది, అద్దాలు తయారైనయి.
పెట్టి, మొకం చూసుకొమ్మన్న.
చూడలే. పైసలు లెక్కవెట్టి పోయింది.

నాలుగొద్దులకు మళ్ల వచ్చింది.
"దగ్గర పట్టుకుంటే కనవడుతున్నది,
ఒడిల వెట్టుకుంటే మసక.
వారం సంది సగం బీడీలు తీసి పారేస్తున్నడు కార్ఖానల.
చాటను మూరెడు ఎత్తు లేపి
గాలిల చుట్టాల్నా బీడీలు?"

మళ్ల చూసిన. నంబరు తప్పు లేదు.
"తప్పు లేదవ్వా" అన్న.
ఆమె జవాబియ్యలే.
మెల్లగ కుర్సీ దిగి
ఆ మెరిసే బండల మీద కూసున్నది,
ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి.
ఫ్రేముల ట్రే గుంజుకొని ఒడిల వెట్టుకున్నది.
లేని ఆకును కత్తిరిచ్చింది,
లేని తంబాకు పోసి, చుట్టి,
లేని దారం పండ్లతోటి తెంపింది.

నేను గూడ పక్కకు కూసున్న.
పద్దెనిమిదేండ్లల మొదటిసారి
నా దుకాణాన్ని కింది నుంచి చూసిన.
బల్ల కింద వైర్ల చిక్కు,
ఎవడో అంటవెట్టిన బబుల్‌గం,
దీపాలన్నీ సూటిగ కండ్లల్ల.
గోడ నిండ అన్ని అద్దాలు,
ఒక్కదాంట్లనన్న మేమిద్దరం లేము.

పక్క దుకాణం దర్జీ దగ్గర టేపు తెచ్చి
ఆమె కంటి నుంచి ఒడి దాక కొలిచిన.
ఇరవై రెండు అంగుళాలు.
నా బొమ్మల అట్టకు తెలిసింది పదహారే.

ఇప్పుడు మూలకు ఒక సాప ఉన్నది,
ఒక చాట, కట్టెడు తునికాకు, ఎర్ర దారం ఉండ.
గోడకున్న అద్దం ఒకటి ఊడదీసి
మోకాలు ఎత్తుల బిగించిన.
డిజైన్ పిలగానికి ఫోటో పంపితే
"ఇదేం థీమ్ సార్?" అని అడిగిండు.
ఏం చెప్పాల్నో తెల్వక ఊకున్న.
రెండు ఎత్తు కుర్సీలు మాత్రం ఉంచిన.
మస్కట్ నుంచి సెలవుల మీద వచ్చినోళ్లు
వాటి మీదనే కూసుంటరు,
ఎవరూ చూస్తలేరనుకొని ఒక చుట్టు తిరుగుతరు.
వాళ్ల చూపు ఎంత దూరం పోవాల్నో
నా టేపుకు అందదు.

కొత్త అద్దాలు వెట్టుకొని బూదవ్వ
సాప మీద నిజం బీడీ చుట్టి ముడేసింది.
ముడి దిక్కు చూసింది, ఎంతోసేపు.
తల తిప్పితే ఎదురుంగనే ఆమె మొకం.
దాన్ని గూడ చూసింది.
కొప్పు సదురుకొని, లేస్తలేస్త అన్నది:
"గింత తెల్లగ ఎందుకేసినవ్ బిడ్డా దుకాణం?
దవాఖాన అనుకొని
ముంగట్నే రెండుమాట్ల వచ్చి, వాపసు పోయిన."