పది గంటల దాకా

ఏడాదికొక్కరోజు తెరుస్తారు
బర్న్‌లీలో మా వీధి చివరి లైబ్రరీని,
తలుపుకి పోలింగ్ స్టేషన్ అని బోర్డు తగిలించి.
లోపల రెండు బల్లలు, మూడు చెక్క గూళ్లు,
దారం కట్టిన పెన్సిళ్లు.

మందుల షాపుకి సెలవు పెట్టాను.
ఈ ఒక్కరోజుకీ నేనే ప్రభుత్వం:
ఒక స్కేలు, ఒక జాబితా, మెడలో బ్యాడ్జీ.
పేరు చదువుతాను. గీత కొడతాను. కాగితం చింపి ఇస్తాను.

కార్పెట్ అంతా వెలిసిపోయింది,
అల్మారాలు నిలబడ్డ చోట్ల తప్ప.
అక్కడ మాత్రం ముదురు నీలం, నిన్న పరిచినంత కొత్తగా.
వచ్చినవాళ్లు ఎందుకో ఆ నీలాన్ని తొక్కరు,
లేని అల్మారాల్ని తప్పుకుంటూ
చుట్టు తిరిగి వస్తారు.

పొద్దున మొదటి ఓటరుకి
పెట్టె ఖాళీ అని వంచి చూపించాలి, రూలు.
బేకరీలో రాత్రి షిఫ్టు దిగొచ్చిన కుర్రాడు
తొంగిచూసి అన్నాడు:
"సాయంత్రానికీ ఇంతేగా."
మా ఆఫీసర్ బెరిల్ నవ్వబోయి
బ్యాడ్జీ గుర్తొచ్చి ఆగిపోయింది.

పదకొండింటికి రుఖ్సానా, తోపుడుబండిలో పసివాడు.
"రెండేళ్లు ఉత్తరాలు రాశాను గోడ చెమ్మ గురించి.
ఫిబ్రవరిలో వచ్చి బాగుచేశారు. అందుకొచ్చాను."
కాగితం మడుస్తూ తనే అంది,
"మళ్లీ చెమ్మెక్కితే చూద్దాం."

ఇక్కడ వేలికి సిరా పెట్టరు.
వేసినవాడూ వేయనివాడూ
రోడ్డుమీద ఒక్కలాగే ఉంటారు.

గీత పడని పేర్లని బెరిల్ బద్ధకం అంటుంది.
వాళ్ల పేర్లు నాకు మందు డబ్బాల మీద తెలుసు.
పొద్దున్నే ఎనిమిదింటికి
డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం నలభైసార్లు ఫోన్ కొట్టి
నలభైసార్లూ అదే సంగీతం విన్నవాళ్లు.
ఓడ ఎక్కేదాకా ఓడమల్లన్న, దిగాక బోడిమల్లన్న
అని వాళ్ల భాషలో ఏమంటారో గాని
మొహం చూస్తే అదే సామెత.

మూడు దాటాక ఆర్మరాడ్ వచ్చాడు.
గుర్తింపు కార్డు అడిగితే బస్ పాస్ తీశాడు.
ఫోటో సరిపోయింది. పేరు సరిపోయింది.
"బస్సే లేదు," అన్నాడు,
"పోయిన అక్టోబర్‌లో ఆపేశారు. పాస్ మాత్రం
నాకంటే ఎక్కువకాలం ఉండేట్టుంది."
ఎనభై రెండేళ్లు. మైలున్నర ఎత్తు రోడ్డు.
మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటు.
స్కేలు కొంచెం జారింది నా చేతిలో.

గూట్లో చాలాసేపు ఉన్నాడు. తర్వాత దగ్గు.
పెన్సిల్ ములుకు విరిగిందట.
చెక్కే మర పోయినేడు పెట్టెలో ఉండేది, ఈసారి లేదు.
యాపిల్ కోసుకునే చాకుతో చెక్కిచ్చాను.
ఉలిమీద పొట్టు ఊదినట్టు
దానిమీద ఊది, మళ్లీ లోపలికెళ్లాడు.
ఏం రాశాడో. ఓటో, తిట్టో, బస్సు నంబరో.

మడత పెట్టెలో పడ్డాక కూడా కదల్లేదు.
"ఎన్నింటిదాకా తెరిచుంటుంది?"
పోలింగా, అన్నాను.
"లైబ్రరీ."
పది గంటల దాకా, అన్నాను.

కోటు లోపలినుంచి ఒక పుస్తకం తీసి
బల్లమీద నావైపు జరిపాడు.
పావురాల పెంపకం. అట్టలోపల చివరి తేదీ ముద్ర
ఆరేళ్ల కిందటిది.
"మూసేశారు. ఇద్దామంటే ఎవరూ లేరు.
ఇవాళ కౌన్సిల్ అంటే మీరేగా, తీసుకోండి."

బెరిల్ నావైపు చూసింది. నేను ఫారాలు వెతికాను.
చెడిన ఓట్లకి కవరుంది, వాడని ఓట్లకి కవరుంది,
విరిగిన సీలుకీ ఒక కాలమ్ ఉంది.

ఆయన వెళ్లలేదు.
గోడపక్క కుర్చీ లాక్కుని,
నీలం చతురస్రంలో, సరిగ్గా మధ్యలో వేసుకుని,
"పావురాలు ఇక్కడుండేవి," అని కూర్చున్నాడు.

పదింటికి పెట్టెకి సీలు వేశాం.
పదకొండొందల పేర్లలో మూడొందల పన్నెండు గీతలు.
దీపాలు ఆర్పి తలుపు తాళం వేస్తుంటే
నా చంకలో పుస్తకం,
ఏ సంచిలోనూ పట్టనిది.