నాలుగు కిలోల రెండు వందలు

పాతికేళ్ళుగా ఈ గాజు కిటికీ వెనక
బరువులు తూచడమే నా పని.
క్రిచెవ్ పోస్టాఫీసు, మూడో కౌంటరు.
సిమెంటు ఫ్యాక్టరీ ధూళి తక్కెడ మీద పేరుకుంటే
పొద్దున్నే తడిగుడ్డతో తుడుస్తాను,
ధూళికీ బరువుంటుంది కనక.

మార్చి నెల. సోజ్ నది మీద మంచు ఇంకా విరగలేదు.
మిన్‌స్క్ జైలు నుంచి నీనెల్ పేరున పార్సిలు.
నాలుగు కిలోల రెండు వందల గ్రాములు.
సంతకం పెట్టింది. ఇంటిదాకా ఆగలేకపోయింది,
ఫారాలు నింపే బల్ల మీదే దారం తెంపింది.
ఖైదీ చొక్కా. లేసుల్లేని బూట్లు.
చలికాలం మొదట్లో నేనే తూచి పంపిన ఉన్ని మేజోళ్ళు,
ధర చీటీ కూడా ఊడలేదు.
కాగితం ముక్క లేదు.
"బట్టలే కదా పంపారు" అంది,
"బట్టలు మారుస్తున్నారేమో."
నేను వట్టి అట్ట మీద ముద్ర గుద్దుతూ కూర్చున్నాను.

అబద్ధమెందుకు.
చంపాలి వాణ్ణి అన్నవాళ్ళలో నా గొంతే పెద్దది.
అలేస్యా మా పోస్టు మనిషి.
ఆ పొద్దున పింఛను డబ్బు లెక్కపెట్టి
ఆమె సంచిలో సర్దింది నేను.
రెండు వీధుల అవతల, కట్టెల పాక వెనక,
రస్తిస్లావ్, ఒక ఇనప కడ్డీ.
ఆమె టీ కప్పు మూడు నెలలు అలాగే ఉంచాం, అడుగున మరకతో.
నీనెల్ క్షమాభిక్ష అర్జీ పట్టుకుని సంతకానికొచ్చిన రోజు
నేను కిటికీలో విరామం బోర్డు తిప్పాను.
అప్పుడు పదకొండుంబావు. విరామం ఒంటిగంటకి.

ఏ రాత్రో చెప్పరు. ఏ మట్టిలోనో చెప్పరు.
ఒక్క తూటా. ఎనిమిది గ్రాములుంటుందేమో,
రెండు పేజీల ఉత్తరమంత.
పేల్చింది ఎవరో తెలియదు,
తీర్పు మీద ముద్ర మాత్రం మనందరిది.
నా బల్ల మీద ఉన్నదీ అదే గద్ద, కాదు, గద్ద కాదు,
గోధుమ కంకుల దండ, మధ్యలో సూర్యుడు.
ఏ బొమ్మ గుద్దుతున్నానో
ఇన్నేళ్ళూ చూడనేలేదు.

పన్నెండో తారీఖున వల్యంత్సినా వచ్చింది, అలేస్యా తల్లి.
నోట్లు తడి చేసుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టింది.
"అయిపోయిందట" అంది.
"అయిపోతే నిద్ర పడుతుందన్నాడు వకీలు.
రాత్రంతా పడుకుని వాణ్ణి తిట్టుకునేదాన్ని.
ఇప్పుడు ఎవర్ని తిట్టను?
నాకు మిగిలింది వాడొక్కడే, వాణ్ణీ తీసేసుకున్నారు."
చిల్లర మర్చిపోయి వెళ్ళింది. నలభై కాపెక్కులు.

నేను క్షమించలేదు. అది వేరే సంగతి.
వాడు బతికుంటే ఏళ్ళ తరబడి తిండి ఎందుకు పెట్టాలని
క్యూలో అడుగుతారు, నా దగ్గర జవాబు లేదు.
తక్కెడ గురించి మాత్రం నాకు తెలుసు.
ఒక పళ్ళెంలో అలేస్యా ఉంది.
రెండో పళ్ళెంలో వాణ్ణి పెట్టారు.
మొదటి పళ్ళెం పైకి లేవలేదు.

రాదునిత్సా రోజు ఊరంతా శ్మశానంలో ఉంది.
సమాధుల మీద గుడ్డలు పరిచి, ఎర్రగుడ్లు, రొట్టె,
చచ్చినవాళ్ళ వాటా గ్లాసులో కొంచెం వోద్కా.
గేటు బయట నీనెల్ నిలబడి ఉంది,
గుప్పెట్లో ఒక గుడ్డు, పెట్టడానికి చోటు లేక.
వల్యంత్సినా చూసింది. నేనూ చూశాను.
ఎవరం పిలవలేదు.

మర్నాడు తొమ్మిదింటికే కౌంటరు ముందుంది.
ఉల్లిపొట్టుతో ఎరుపెక్కించిన ఆ గుడ్డే, రుమాల్లో చుట్టి.
"మిన్‌స్క్‌కి ఎంతవుతుంది?"
"చిరునామా?"
"ప్రభుత్వం మనిషివి కదా, నీకు తెలుస్తుందేమోనని."

బోర్డు నా చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది.
రుమాలు విప్పకుండా తక్కెడ మీద పెట్టాను.
ముల్లు కాసేపు వణికి
అరవై రెండు దగ్గర నిలబడింది.
ఫారంలో బరువు రాశాను.
ఆ పై గడిలో కలం ఆగింది.
క్యూలో ఎవరో దగ్గుతున్నారు.