అరవై ఒకటి

వంద గింజలు లెక్కపెట్టి తడి కాగితం మీద పరుస్తాను,
వరసకు పది, ఒకదాన్నొకటి తాకకుండా.
చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేసి
ఇరవై ఐదు డిగ్రీల పెట్టెలో నిలబెడతాను.
నాలుగో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి
విప్పి చూడటం నా ఉద్యోగం.
మేడ్చల్ రోడ్డు మీద విత్తనాల కంపెనీ,
వెనక గదిలో నేనూ, నా పట్టకారూ.

జనవరిలో ఆ జొన్న తొంభై రెండు.
అంటే వందకు తొంభై రెండు మొలిచాయి.
గోతాల మీద నల్లరంగుతో 'పోర్ట్ సూడాన్' అని అచ్చు కొట్టారు.
గింజకు గులాబీ రంగు మందు పట్టించారు,
పురుగు తినకుండా.
ఇక మనిషీ తినకూడదు.

మార్చిలో రావలసిన కంటెయినర్ రాలేదు.
అకౌంట్స్ జహంగీర్ భాయ్ కళ్లద్దాలు తుడుచుకుంటూ చెప్పాడు:
"మనది రూపాయి, వాళ్లది పౌండు, నడుమ డాలరు.
ఆ డాలరు అమెరికా గడప తొక్కి రావాలె.
గడప కాడ దేశం పేరు చూసి తలుపేస్తున్రు."
పంపేది జొన్నలే కదా, తుపాకులా? అన్నాను.
"తిండికి మినహాయింపు ఉందమ్మా, కాయితం మీద.
బ్యాంకోళ్ల భయానికే లేదు."

ఏప్రిల్లో బబికర్ వచ్చాడు,
రాజేంద్రనగర్లో ఎమ్మెస్సీ, టోలీచౌకీలో అద్దె గది,
మూడు బస్సులు మారి, చొక్కా వీపుకు అంటుకుపోయి.
ఆ గోతాల్లో పన్నెండు వాళ్ల నాన్నవట, గదారెఫ్‌లో.
"జూన్ దాటితే మా నల్లమట్టి బండి చక్రాన్ని మింగేస్తుంది,
ఆ తర్వాత విత్తనం వచ్చినా చేను దాకా పోదు" అన్నాడు.
మా జహీరాబాదు రేగడీ అంతే, అన్నాను.
నా డబ్బాలో రొట్టె సగం విరిచి ఇచ్చాను, ఉల్లికారంతో.
వాసన చూశాడు ముందు.
వాళ్ల దగ్గర పిండి పులియబెట్టి పలచగా పెనం మీద లాగుతారట, కిస్రా అంటారట.
పోయినేడు కొత్త విత్తనం అందక
తినడానికి దాచిన జొన్నల్నే చల్లారట.
విత్తనాన్ని తిన్నామా, తిండిని విత్తామా అని
ఇంట్లో ఇప్పటికీ తగాదా, అంటూ నవ్వాడు.
నవ్వి, తేదీ అడిగాడు.
తేదీ నా దగ్గర లేదు.

చల్లగది డబ్బు కట్టిన మిరపకు పోయింది.
జొన్న రేకుల షెడ్డులోకి.
మే నెల. రేకుల షెడ్డు.
ఎనభై నాలుగు.
డెబ్బై ఆరు.
మృగశిర నాడు చుట్ట విప్పితే అరవై ఒకటి.

ప్రమాణం డెబ్బై ఐదు. అంతకు తగ్గితే విత్తనం కాదు.
మందు పట్టింది గనక గింజా కాదు.
"కోళ్లకన్నా ఇయ్యరాదమ్మా ఒక సంచి?"
వాచ్‌మన్ భార్య ఎల్లవ్వ అడిగింది.
నా వేళ్లు చూపించాను, గోళ్ల సందుల్లో గులాబీ.
ఏమీ అనలేదామె. గొయ్యి తవ్వే జేసీబీకి నీళ్లు పట్టుకెళ్లింది.

ఆ అరవై ఒకటి మాత్రం కాగితం మీద
తెల్లటి వేళ్లు ఒకదాన్లోకొకటి అల్లుకుని, తలలెత్తి.
మిగిలిన ముప్పై తొమ్మిదీ 'చచ్చినవి' గడిలో రాశాను.
పక్కన 'కారణం' అని ఇంకో గడి.
తేమ, బూజు, పురుగు, వయసు: వీటిలో ఒకటి ఎంచుకోవాలి.
ఐదోదానికి చోటు అచ్చువేయలేదు.
వయసు, అని గీత పెట్టాను.
ఐదు నెలల వయసు.

సాయంత్రం బాలానగర్ ఫ్లైఓవర్ కింద
రొట్టెలు కొట్టే చంద్రకళ ముందు నిలబడ్డాను.
రెండు అరచేతుల మధ్య పిండి తిరుగుతోంది, చప్పుడవుతోంది.
"ఎన్ని గట్టాలె?" అంది తలెత్తకుండా.
"అరవై ఒకటి" అన్నాను.
చేతులాగి నా మొహంలోకి చూసింది.
రెండు చాలమ్మా, అన్నాను,
రెండు చాలు.